మందు వాసన వచ్చిందంటే డాక్టర్ మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: నల్గొండ జిల్లాలో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో మా అమ్మకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ చేశారు. ఆ రోజు డాక్టర్ దగ్గర మందు వాసన వచ్చింది, చేతులు వణుకుతున్నాయని నర్సు కూడా అంది. తర్వాత ఐదు రోజులు జ్వరం, కడుపునొప్పి అని మొత్తుకున్నా గ్యాస్ అన్నారు. హైదరాబాద్ తీసుకెళ్తే పిత్తనాళం తెగిందని మళ్లీ కోశారు. 19 నెలలైంది. డబ్బులిస్తావా, వీడియో పెట్టాలా అని అడిగితే దిగొస్తాడని మా బావ అంటున్నాడు. ఆయన లైసెన్సు పోయేదెలా?

జవాబు: ముందు మీ బావను ఆపండి. ఆ మాట ఫోన్‌లో అన్నా, వాట్సాప్‌లో పెట్టినా భారతీయ న్యాయ సంహిత 308 కింద బెదిరించి వసూలు చేశారన్న కేసు మీ మీదే పడుతుంది, అప్పుడు డాక్టరే బాధితుడు.

మందు వాసన సంగతి వదిలేయండి. ఆ రోజు పరీక్ష ఎవరూ చేయించలేదు, ఆ నర్సు రేపు సాక్ష్యానికి రాదు. నాళం తెగడం కూడా జాగ్రత్తగా చేసినా జరగొచ్చని వాళ్ల లాయర్ వాదిస్తాడు, అందులో కొంత నిజముంది. మీ కేసంతా ఆ ఐదు రోజుల్లో ఉంది. జ్వరం ఎంత, ఎవరు చూశారు, స్కాన్ ఎందుకు రాయలేదు, అన్నీ కేస్‌షీట్‌లోనే ఉండాలి. దాన్ని 19 నెలల్లో ఒక్కసారైనా అడిగారా? మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డు మూడేళ్లే దాచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే అదే ఒక తప్పు కింద లెక్క. అమ్మ సంతకంతో ఈ వారమే స్పీడ్‌పోస్టులో అడగండి, రసీదు దాచుకోండి.

లైసెన్సు విషయం తెలంగాణ మెడికల్ కౌన్సిల్ చూస్తుంది. కేస్‌షీట్, హైదరాబాద్ డిశ్చార్జి సమ్మరీ, రెండో సర్జన్ ఆపరేషన్ నోట్స్ జతచేసి, తేదీల వారీగా ఫిర్యాదు రాయండి, తిట్లు వద్దు. తప్పు రుజువైతే హెచ్చరించొచ్చు, కొంతకాలానికో శాశ్వతంగానో డాక్టర్ల రిజిస్టర్ నుంచి పేరు తీసేయొచ్చు. పరిహారం మాత్రం అక్కడ రూపాయి రాదు.

దానికి జిల్లా వినియోగదారుల కమిషన్. గడువు రెండేళ్లు, అంటే మీకు మిగిలింది ఐదు నెలలు. కౌన్సిల్‌లో ఫిర్యాదు నడుస్తోంది కదా అని కూర్చుంటే ఈ గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించే వీలుంది గానీ, గట్టి కారణం చూపాలి, టెన్షన్‌లో ఉన్నామంటే చాలదు. ఆస్పత్రికి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఇంకో డాక్టర్ చేత రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకుంటే కేసు బలపడుతుంది. ఒరిజినల్ కాగితాలు మాత్రం మధ్యవర్తులెవరికీ ఇవ్వకండి, జిరాక్సులే ఇవ్వండి.