ఎగుమతి నిషేధం వచ్చిందని ధాన్యం వద్దంటే, ఒప్పందం రద్దయినట్టేనా?

ప్రశ్న: 2023 రబీలో పండిన 200 క్వింటాళ్ల ధాన్యాన్ని క్వింటాల్ 2,350 రూపాయల చొప్పున కొంటానని ఒక ఎగుమతి వ్యాపారి కాగితం రాసి, 20,000 అడ్వాన్స్ ఇచ్చాడు. జూలై ఆఖర్లో ఫోన్ చేసి, బియ్యం ఎగుమతులు ఆపేశారు కాబట్టి బేరం రద్దన్నాడు. నిల్వకు చోటు లేక వారంలోనే వేరేచోట 2,100కి అమ్మేశాను. ఇప్పుడు అడ్వాన్స్ తిరిగి ఇమ్మంటున్నాడు. ఇవ్వాలా?

జవాబు: తొందరపడి ఇవ్వకండి. ముందు మీ కాగితం తీసి చదవండి. ‘ఎగుమతికి అనుమతి ఉంటేనే కొంటాను’ అనో, ‘ప్రభుత్వ ఆంక్షలు వస్తే ఒప్పందం చెల్లదు’ అనో రాసుంటే మీ కేసు బలహీనపడుతుంది. అలాంటి షరతు లేకుంటే మాత్రం వ్యాపారి వాదన నిలవడం కష్టం.

2023 జూలై 20న కేంద్రం ఆపింది బాస్మతియేతర తెల్ల బియ్యం దేశం దాటడాన్ని. మీ దగ్గర ధాన్యం కొనవద్దని ఎవరూ అనలేదు. ఆ బియ్యాన్ని ఇక్కడి మార్కెట్లోనే అమ్ముకోవచ్చు. ఉప్పుడు బియ్యం ఆ నిషేధంలోనే లేదు. దానిమీద ఆగస్టు 25న 20 శాతం సుంకం మాత్రమే వేశారు. విదేశీ కొనుగోలుదారుతో అతని ఒప్పందం ఏమైందన్నది వాళ్లిద్దరి సంగతి. ఆ నష్టాన్ని మీ నెత్తిన రుద్దడం అన్యాయం.

నెరవేర్చడం అసాధ్యమైన ఒప్పందం చెల్లదని కాంట్రాక్ట్ చట్టం 56వ సెక్షన్ చెబుతుంది. వ్యాపారులు మొదట పట్టుకొచ్చేది దీన్నే. అయితే లాభం పోవడం, ఖర్చు పెరగడం అసాధ్యం కిందకు రావు. 1968లో రిపోర్టయిన నైహాటి జూట్ మిల్స్ కేసులో, పాకిస్తాన్ జనపనార కొంటామన్న మిల్లు దిగుమతి లైసెన్స్ రాలేదని తప్పుకోబోతే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. లైసెన్స్ తెచ్చుకునే బాధ్యత ఒప్పందంలో మిల్లు తన మీదే వేసుకుంది. కాగితంలో ఏం రాశారన్నది అంత ముఖ్యం.

ఇక డబ్బు లెక్క. అదే కాంట్రాక్ట్ చట్టం 73వ సెక్షన్ కింద మీకు రావాల్సింది ఒప్పుకున్న ధరకూ, అతను వద్దన్ననాటి మార్కెట్ ధరకూ మధ్య తేడా. అప్పటి ధర నిజంగా 2,100 అయితే క్వింటాల్‌కు 250, మొత్తం 50,000. అడ్వాన్స్ అందులో పోగా ఇంకా 30,000 అతనే మీకు బాకీ. వెంటనే అమ్మేసి మంచిపని చేశారు. నష్టాన్ని పెరగనివ్వకుండా చూసుకోవడం మీ బాధ్యతే. ఊరికే గోదాములో ఉంచి ఎలుకలకు వదిలేసి ఉంటే, ఆ భాగం పరిహారం అడగలేకపోయేవారు.

అతను ఫోన్లో వద్దన్నాడు కాబట్టి రుజువు దగ్గరే నాకు బెంగ. ఆ రోజుల వాట్సాప్ మెసేజ్‌లు ఒక్కటీ తీసేయకండి, ఫోన్ మార్చినా పాతది దాచండి. వాటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద, ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ జత చేయాలి. 2,100కి అమ్మిన తక్‌పట్టీ (అమ్మకం రసీదు), కాంటా చీటీ, బ్యాంకులో పడిన సొమ్ము వివరాలు కూడా కావాలి.

దావాకు గడువు ఒప్పందం తప్పిన రోజు నుంచి మూడేళ్లు. అతను వద్దన్న రోజు నుంచే లెక్కపెట్టుకోండి, అంటే 2026 జూలై ఆఖరు. నోటీసు పంపినంత మాత్రాన ఈ గడువు ఆగదు. ఈ వారమే లాయర్ ద్వారా నోటీసు ఇవ్వండి. రాజీకి వచ్చేలా ఉంటే మండల న్యాయ సేవా కమిటీలో దరఖాస్తు పెట్టుకోండి. లోక్ అదాలత్‌కు కోర్టు ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం.