సావిత్రమ్మ కనుబొమ్మ, ప్రొద్దుటూరు పెళ్ళికూతురు

చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. నువ్వు మేకప్ చేయబోయే పెళ్ళికూతురు రిసెప్షన్‌కు పాత సినిమా హీరోయిన్‌లా తయారవ్వాలని అడుగుతోందని రాశావు. కానీ ఆ అమ్మాయి ఇచ్చిన ఫోటోల్లో ఒకటి సావిత్రిది, ఒకటి జమునది, ఇంకొకటి వాణిశ్రీది. ముందు తనను కూర్చోబెట్టి ఏదో ఒకటి తేల్చుకో. 'మిస్సమ్మ' 1955లో వచ్చింది, 'ప్రేమ్ నగర్' 1971లో. ఆ మధ్యలో కనుబొమ్మ మారింది, కంటి గీత మారింది, కొప్పు ఎత్తు మారింది, రవిక చేతులు కూడా మారాయి. రెండు కాలాలూ ఒకే ముఖం మీద పెడితే ఏ కాలమూ కనిపించదు. రెట్రో పేరుతో వేసే మేకప్‌లు చాలావరకు చెడేది ఇక్కడే. యాభైల ముంగురులు, అరవైల కంటి గీత, ఇవాళ్టి మెరుపు బుగ్గలు అన్నీ కలిపేస్తారు.

నన్నడిగితే ఆ అమ్మాయి గుండ్రటి ముఖానికి యాభైల సావిత్రి బాగా కుదురుతుంది. అదే అనుకుని రాస్తున్నాను.

ఆ పాత ఫోటోల్లో మనం చూసేది మేకప్ ఒక్కటే కాదు, తల్లీ. స్టూడియో లైట్లు, నలుపు తెలుపు ఫిల్ము, కెమెరామన్ పనితనం అన్నీ కలిస్తేనే ఆ ముఖం. 'మాయాబజార్'లో శశిరేఖ ముఖం మీద వెన్నెల్లాంటి కాంతి కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ పెట్టింది, డబ్బాలో నుంచి వచ్చింది కాదు. అప్పట్లో వాడిన పాన్‌కేక్ అనే మందపాటి మేకప్ పూతను మాక్స్ ఫాక్టర్ కంపెనీ 1930లలో సినిమా కోసమే తయారుచేసింది. తడి స్పాంజితో ఒత్తి పట్టించేవాళ్ళు. అంత మందం కల్యాణ మండపం లైట్ల కింద పెడితే గోడకు సున్నం కొట్టినట్టుంటుంది. కాబట్టి వాళ్ళు ఏం పూశారో అది పూయడం కాదు నీ పని. ఆ ముఖంలో ఏది ముదురుగా ఉంది, ఏది తేలికగా ఉంది, చూపు ముందు ఎక్కడికి పోతోంది, ఇవి పట్టుకుని నీ పెళ్ళికూతురి ముఖానికి తగ్గట్టు దించాలి.

లిప్‌స్టిక్ రంగు దగ్గర ఇంకా జాగ్రత్త. నలుపు తెలుపు ఫిల్ములో ఎరుపు ముదురు బూడిద రంగుగా పడుతుంది. ఆ ఫోటో చూసి నల్లటి మెరూన్ కొంటే పెళ్ళికూతురు పదేళ్ళు పెద్దగా కనిపిస్తుంది. 'మాయాబజార్'ను 2010లో రంగుల్లో విడుదల చేశారు కదా, అందులో చూసి కూడా కొనకు. ఆ రంగులు కంప్యూటర్‌తో తర్వాత వేసినవి. అప్పటి రంగులు నిజంగా ఎలా ఉండేవో చూడాలంటే 1963 నాటి 'లవకుశ' చూడు, అది మొదటి నుంచీ రంగుల్లోనే తీశారు. 'మహానటి'లో కీర్తి సురేష్‌ను తీర్చిదిద్దిన తీరు నాకు చాలా నచ్చింది, కానీ అది ఇవాళ్టి కెమెరా కోసం చేసింది. నువ్వు అసలు సినిమాలే ఆపి ఆపి చూసి నేర్చుకో.

ఇంకో మాట, ఇది పెళ్ళికూతురికి కూడా చెప్పు. మనకు ఆ సినిమాలు పరాయివి కావు. 'మల్లీశ్వరి' తీసిన బి.ఎన్.రెడ్డి, చక్రపాణితో కలిసి 'మిస్సమ్మ', 'మాయాబజార్', 'గుండమ్మ కథ' నిర్మించిన నాగిరెడ్డి, ఇద్దరూ అన్నదమ్ములు, మన కడప జిల్లావాళ్ళు. 'మాయాబజార్' దర్శకుడు కె.వి.రెడ్డి తాడిపత్రివాడు. నటి శాంతకుమారి మీ ప్రొద్దుటూరులోనే పుట్టింది.

ఇక బేస్. ఆ అమ్మాయి చామనఛాయ. ఇంట్లో ఎవరో ఒకరు "కొంచెం తెల్లగా చెయ్యమ్మా" అని తప్పకుండా అంటారు. మర్యాదగానే, గట్టిగా వద్దని చెప్పు. రెండు షేడ్లు తెలుపు ఎక్కిస్తే ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు, చేతులు ఒక రంగు అవుతాయి, ఫోటోల్లో బూడిద పూసుకున్నట్టు పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, తన ముఖంలో తను లేకుండా పోతుంది. పెళ్ళి ఆల్బమ్ జీవితాంతం ఉంటుంది, అందులో తనను తను గుర్తుపట్టాలి. ఫౌండేషన్ షేడ్‌ను చేతి మీద కాదు, దవడ దగ్గర రాసి పగటి వెలుతురులో చూడు. తడి స్పాంజితో పలుచగా రెండు పూతలు చాలు. పౌడర్ రుద్దకు, పఫ్‌తో ఒత్తు. మెరుపు హైలైటర్ జోలికి పోకు, ఆ కాలపు ముఖాలు నునుపుగా, మెత్తగా ఉంటాయి.

కనుబొమ్మల గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే సావిత్రి పోలిక సగం అక్కడే ఉంది. ఆమె కనుబొమ్మ ముక్కు దగ్గర నిండుగా మొదలవుతుంది, విల్లులా మెల్లగా వంగుతుంది, కంటి చివర దాటాక సన్నబడి ఆగుతుంది. ఎక్కడా కోణం కనిపించదు. ఇప్పుడు పార్లర్లలో పెడుతున్న చతురస్రపు మొదలు, పదునైన మలుపు ఉంటే మిగతా మేకప్ ఎంత బాగున్నా పోలిక రాదు. అందుకే పెళ్ళికూతురికి ఇప్పుడే చెప్పు, రిసెప్షన్ దాకా థ్రెడింగ్ వద్దని. వారం ముందు నువ్వే కింద అడ్డదిడ్డంగా వచ్చిన వెంట్రుకలు మాత్రం తీసెయ్. పై గీత ముట్టుకోకు. ఇప్పటికే సన్నగా చేయించుకుని ఉంటే ముదురు బ్రౌన్ పెన్సిల్‌తో ఒక్కో వెంట్రుకలా చిన్న చిన్న గీతలు గీసి, పైన అదే రంగు పౌడర్ అద్దు, బ్రష్‌తో దువ్వు. నల్ల పెన్సిల్ వాడకు, ముఖం కోపంగా కనిపిస్తుంది. మొదలు దగ్గర తేలికగా, మధ్యలో ముదురుగా ఉండాలి. రెండూ అచ్చంగా ఒకేలా రావాలని టెన్షన్ పడకు, ఎవరివీ అలా ఉండవు.

కంటికి పై రెప్ప వెంట్రుకల మొదట్లో జెల్ లైనర్‌తో సన్న గీత, చివర కొంచెం మందం చేసి కాస్త పైకి లాగితే చాలు. ఎంత లాగాలో కన్ను మూసి గీస్తే తెలియదు. తను అద్దంలోకి సూటిగా చూస్తుండగా చివర ఒక చుక్క పెట్టుకో, ఆ చుక్క దాకా గీయి. చెంప దాకా పోయే పొడుగు తోక వాణిశ్రీ కాలానిది, ఇక్కడ వద్దు. కింద రెప్ప లోపల కాటుక పెట్టి, బయట కొంచెం పౌడర్ అద్దితే కారదు. వాళ్ళ అవ్వ ఇంట్లో చేసిన ఆముదం కాటుక పెట్టమంటే ఆచారానికి అరికాలిలో చుక్క పెట్టు, కంటికి వద్దు. ఈ ఎండకు గంటలో కిందకు దిగుతుంది. సుర్మా కూడా వద్దు, కొన్నిట్లో సీసం ఉంటుంది. ఒకరి కంటికి పెట్టిన కాటుక పుల్ల ఇంకొకరికి ఎప్పుడూ పెట్టకు.

పెదవులకు మెరుపు లేని ఇటుక ఎరుపు. పెన్సిల్‌తో అంచు గీసి, లిప్‌స్టిక్ వేసి, టిష్యూతో అద్ది, మళ్ళీ వేయి. అంతే.

బొట్టు స్టిక్కర్ పెట్టకు. వేలితో కొద్దిగా వ్యాజలీన్ గుండ్రంగా అద్ది, పైన కుంకుమ ఒత్తితే అంచులు మెత్తగా వస్తాయి, అప్పటి ముఖాల్లో ఉన్న నిండుదనం దానితోనే వస్తుంది.

జుట్టుకు ముందురోజు తలస్నానం చేయించు, అదే రోజు కడిగిన జుట్టు పిన్నులకు నిలవదు. పక్క పాపిడి తీసి, నుదుటి దగ్గర ముంగురులు రెండు వేళ్ళకు చుట్టి పిన్ను పెట్టి ఆరనివ్వు. వెనక వదులు జడ, సవరం కలిపి పొడుగ్గా. మల్లెలు, మధ్యమధ్య కనకాంబరాలు. బుట్ట చేతుల రవిక కుట్టించమని ఇప్పుడే చెప్పు, దర్జీ ఆలస్యం చేస్తే అన్నీ ఆలస్యమవుతాయి.

మే నెల రిసెప్షన్ అంటున్నావు. మన దగ్గర ఎండ నలభై దాటే రోజులు. బేస్ వేసే ముందు ఐసు ముక్కను గుడ్డలో చుట్టి ముఖానికి అద్దు. కూలర్‌కు ఎదురుగా కూర్చోబెట్టకు, ఆ తేమ గాలికి బేస్ ఆరదు, ఫ్యాన్ చాలు. చెమట పడితే తుడవద్దు, టిష్యూతో అద్దాలని పక్కనుండే చెల్లెలికి నేర్పు.

ట్రయల్ తప్పకుండా వేయి. మేకప్ అయ్యాక గదిలో లైట్లు తీసేసి ఫోన్ ఫ్లాష్‌తో ఫోటో తియ్యి. కొన్ని సన్‌స్క్రీన్లు, కొన్ని తెల్ల పౌడర్లు అద్దంలో బాగుండి ఫ్లాష్‌లో ముఖాన్ని తెల్లగా చూపిస్తాయి, ముందే తెలిస్తే మార్చుకోవచ్చు. తర్వాత అదే ఫోటోను నలుపు తెలుపు చేసి సావిత్రి ఫోటో పక్కన పెట్టి చూడు. కనుబొమ్మ, కన్ను, పెదవి ముదురు ఎక్కడ తగ్గిందో, ఎక్కడ ఎక్కువైందో అప్పుడు ఇట్టే కనిపిస్తుంది. అది సరిచేశాక రంగుల్లో మళ్ళీ చూడు. జిగురుతో అంటించే రెప్ప వెంట్రుకలు పెట్టాలనుకుంటే ఆ జిగురు ముందురోజే చెవి వెనక రాసి చూడటం మర్చిపోకు. యాభైల రూపానికి అవి లేకపోయినా పర్వాలేదు, పెడితే బయటి సగానికే కత్తిరించి పెట్టు.

రాత్రి ఎంత అలసిపోయినా మేకప్‌తో పడుకోవద్దని తనకు చెప్పు. ముందు కొబ్బరినూనెతో తీసి, తర్వాత ఫేస్‌వాష్.

నా దగ్గర మంచి నల్ల సవరం ఒకటి ఉంది, అసలు జుట్టుది. మీ నాయన కడపకు వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను. ట్రయల్ ఫోటోలు రంగులవీ, నలుపు తెలుపువీ రెండూ పంపు. కనుబొమ్మలు దగ్గరగా తీసినవి కూడా.

ఇట్లు,
పెద్దమ్మ, కడప