పాప పగటినిద్ర గురించి పెద్దమ్మ ఉత్తరం

తాడిపత్రి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

జూన్‌లో పాపను క్రెష్‌లో చేర్చి, నువ్వు మళ్లీ ఉద్యోగానికి వెళ్లబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ చదువు ఇంట్లో మూలబడకుండా నువ్వూ, అల్లుడూ కలిసి ఈ నిర్ణయం తీసుకున్నందుకు నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. అయితే పాప ఇంకా ఉయ్యాలలోనే నిద్రపోతోందని, చేరడానికి రెండు రోజుల ముందు ఉయ్యాల మాన్పిస్తే సరిపోతుందని నువ్వు అన్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. టీకాల కార్డు, బట్టల సంచి, నీళ్ల సీసా, డాక్టరు ఫోన్ నంబరు వంటివి నీకు నేను చెప్పనక్కరలేదు. ఈ ఉత్తరం పగటినిద్ర కోసమే రాస్తున్నాను.

ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పగలు తగ్గిన నిద్ర రాత్రికి దానంతట అదే వచ్చి చేరుతుందని అనుకోవద్దు. బాగా అలసిపోయిన బిడ్డకు నిద్ర పట్టడం మరింత కష్టమని అంగన్‌వాడీలో పనిచేసినంత కాలమూ కళ్లారా చూశాను. పద్నాలుగు నెలల మీ పాప పొద్దున పదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి పడుకుంటోంది. క్రెష్‌లో అన్నం పెట్టి పన్నెండున్నరకు పిల్లలందరినీ ఒకేసారి పడుకోబెడతారు. సాధారణంగా ఏడాదికీ ఏడాదిన్నరకూ మధ్య పిల్లలు ఒక్క పగటినిద్రకు మారతారు కనుక పాప వయసు ఇందుకు అనుకూలమైనదే. పొద్దుటి కునుకును రెండు మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున ఆలస్యం చేస్తూ పో, నెల తిరిగేలోగా పన్నెండున్నరకు చేరుతుంది. ఆ రోజుల్లో సాయంత్రానికి పాప చిరాకు పడితే రాత్రి అరగంట ముందుగా పడుకోబెట్టు. ఐదు గంటలు దాటాక మాత్రం కునుకు తీయనివ్వకు.

ఇక ఉయ్యాల సంగతి. మీ అన్న విషయంలో ఏం జరిగిందో మీ అమ్మ నీకు పూర్తిగా చెప్పి ఉండదు. మీ అన్నకు ఏడాదిన్నర వయసప్పుడు మీ అమ్మకు టీచరు ఉద్యోగం వచ్చింది. నడవలో దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో తప్ప వాడికి నిద్ర పట్టేది కాదు. మీ జేజి ఆ ఉయ్యాల తాడును కాలి బొటనవేలికి తగిలించుకుని, ఒళ్లో చేట పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఊపేది. కాలు ఆగితే చాలు, లోపల వాడు కళ్లు తెరిచేవాడు. పిల్లలను చూసుకునే చోట వాడిని చేర్చే ముందురోజు రాత్రి, అక్కడ ఎలాగూ ఉయ్యాల ఉండదని మీ నాన్న దాన్ని విప్పి, చీర మడిచి ట్రంకుపెట్టెలో పెట్టేశాడు. తల్లీ, జేజీ, ఉయ్యాలా మూడూ ఒకే రోజు ఆ బిడ్డకు దూరమయ్యాయి. అక్కడ చాప మీద పడుకోబెడితే వాడు లేచి కూర్చుని, ఉయ్యాల ఎక్కడైనా వేలాడుతోందేమోనని పైకప్పు వైపు చూసేవాడట. సాయంత్రం రిక్షాలోనే నిద్రలోకి జారుకునేవాడు. లేపడానికి ఎవరికీ మనసు ఒప్పేది కాదు. రాత్రి ఏడింటికి లేచి పన్నెండు దాకా ఆడేవాడు. తెల్లవారి వాడిని లేపడానికి, తానూ లేవడానికి మీ అమ్మ నానా అవస్థ పడేది. అంతకన్నా పెద్ద పొరపాటు మరొకటి జరిగింది. జాలిపడి మీ జేజి ప్రతి ఆదివారమూ ఉయ్యాల మళ్లీ కట్టేది. వారం పొడుగునా బిడ్డ నేర్చుకున్న కొద్దిపాటి అలవాటూ ఆ ఒక్క పూటతో పోయి, సోమవారం ఏడుపు మళ్లీ మొదటికి వచ్చేది. చివరికి మీ అమ్మ జీతం లేని సెలవు పెట్టవలసి వచ్చింది.

ఆ సెలవులో మేం చేసిన పద్ధతే నీకు చెబుతున్నాను. మొదట ఉయ్యాల రాత్రికి మాత్రమే ఉంచి, పగలు బండల మీద చాప, చాప మీద బొంత పరిచి పడుకోబెట్టాం. ఊపడానికి బదులు రొమ్ము మీద మెల్లగా తట్టాం. తట్టడం తగ్గించి చెయ్యి ఊరకే ఆనించి ఉంచాం. తరువాత చెయ్యి తీసి పక్కన కూర్చున్నాం. పగలు కుదిరాకే రాత్రి ఉయ్యాల తీశాం. ఆదివారానికి కూడా అదే బొంత, అదే వేళ. నువ్వు ఈ రోజే మొదలుపెట్టు. రెండు రోజుల్లో అయ్యే పని కాదిది, అమ్మాయీ. ఈ మాట మీద నీతో పోట్లాడటానికైనా నేను సిద్ధమే.

చంటిబిడ్డకు పాలు మాన్పించమని ఎవరైనా చెబితే వినవద్దు. రెండేళ్లూ, ఆపైన కూడా ఇవ్వవచ్చు. పాలు తాగుతూనే నిద్రలోకి పోయే అలవాటు ఒక్కటి మార్చు. పాలు ఇచ్చాక మొహం తుడిచి, ఒక పాట పాడి, అప్పుడు బొంత మీద వెయ్యి. ఏసీ వేసి, కర్టెన్లు మూసి చీకటి చేయడం కూడా తగ్గించు. క్రెష్‌లో ఫ్యాను గాలి, వెలుతురు, పక్క పిల్లల అలికిడి ఉంటాయి. మీ సంస్థ వాళ్లదే క్రెష్ కాబట్టి చట్టం ప్రకారం రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసే హక్కు నీకుంది. తప్పకుండా వెళ్లు, కానీ కళ్లు మూతలు పడే వేళ మాత్రం వెళ్లకు. నిన్ను చూసి లేచిన బిడ్డ మళ్లీ పడుకోదు.

అన్నిటికన్నా నాకు భయం కలిగించేది ఒకటుంది. పిల్లలను చూసుకునే ఒక చోట, మధ్యాహ్నం అందరూ ఒక్కసారిగా పడుకోవాలని జలుబు మందు చెంచాడు పోసేవారు. ఒక సాయంత్రం ఒక బిడ్డను ఎంత లేపినా లేవలేదు. మెడ నిలవక తల్లి భుజం మీద వేలాడిపోయింది. ఆసుపత్రికి తీసుకువెళ్తే దక్కింది. ఆ తల్లి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు హెచ్చరించారు. నువ్వు సీసా ఇచ్చి, డాక్టరు చీటీ చూపితే తప్ప ఏ మందూ పోయవద్దని కాగితం మీద రాసి, వాళ్ల చేత సంతకం పెట్టించుకో. మొహమాట పడకు. పాపను వెల్లకిలా పడుకోబెట్టాలని, ఈగలు వాలుతున్నాయని మొహం మీద గుడ్డ కప్పకూడదని కూడా చెప్పు.

మొదటి వారం పాప ఏడుస్తుంది, నువ్వూ ఆఫీసులో ఏడుస్తావు. అది చూసి ఉద్యోగం మానేయాలన్న ఆలోచన చేయకు, తల్లీ. రోజూ ఎన్నింటికి పడుకుందో, ఎంతసేపు పడుకుందో ఆయా చేత రాయించుకుని, శుక్రవారం సాయంత్రం నాకు చదివి వినిపించు. ఎక్కడ సర్దుకోవాలో ఇద్దరం చూద్దాం. నీవి మెత్తబడిన పాత నూలు చీరలు రెండు ఈ వారంలో బస్సులో పంపితే బొంత కుట్టి పంపుతాను. ఇంట్లోనూ క్రెష్‌లోనూ పాపకు అదే వేయించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ