నీడపట్టున పొట్టి హోస్టా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఇంటికి ఉత్తరం వైపున, పెద్ద మేపుల్ చెట్టు కింద, మూడడుగుల వెడల్పున్న మడి ఒకటి ఏళ్ల తరబడి బోసిగా ఉంది. పక్కనే నడిచే దారి ఉండడం వల్ల, ఆకుల అందం కోసం పెంచే హోస్టా మొక్కల్లో పెద్ద రకాలు వద్దనుకుని, నిరుడు జూన్‌లో ‘బ్లూ మౌస్ ఇయర్స్’ అనే పొట్టి రకం మొక్కలు మూడు తెచ్చి చెట్టు మొదటికి దగ్గరగా నాటాను. ఈ వసంతంలో రెండే మొలిచాయి. అవి కూడా నిరుటికంటే చిన్నవిగా ఉన్నాయి. నీడ మరీ ఎక్కువైందా? లేక ఈ రకమే బలహీనమైనదా?
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: రకం మంచిదేనండీ. ‘బ్లూ కేడెట్’ అనే హోస్టాలో వచ్చిన మార్పు నుంచి పుట్టిన ఈ మొక్కను 2008లో అమెరికాలోని హోస్టా పెంపకందారుల సంఘం ఆ ఏటి మేటి హోస్టాగా ఎంపిక చేసింది. ఎలుక చెవుల్లాగా గుండ్రంగా, రబ్బరులా దళసరిగా ఉండే ఆకులు, ఎనిమిది అంగుళాలకు మించని ఎత్తు, సుమారు అడుగు వెడల్పు, జూలై ప్రాంతంలో పొట్టి పూకాడల మీద లేత ఊదా రంగు పూలు దీని లక్షణాలు. దారి పక్క మడికి ఇంతకన్నా తగిన హోస్టాను నేను సూచించలేను. పొరపాటు నాటిన చోటిది.

హోస్టా నీడ మొక్క అనగానే చెట్టు కింద ఎక్కడ పెట్టినా బతుకుతుందని చాలామంది అనుకుంటారు. ఈ మొక్కల పుట్టిల్లు జపాను, కొరియా, చైనా. అక్కడ ఇవి అడవి అంచుల్లో, వాగుల ఒడ్డున, తడి ఊరే రాతిగోడల నెర్రెల్లో పెరుగుతాయి. చలికాలం గట్టిగా ఉంటుంది, వేసవిలో వానలు బాగా పడతాయి, నేలలో కుళ్లిన ఆకు దండిగా ఉంటుంది. అంటే ఈ మొక్కకు కావలసింది చీకటి కాదు, చల్లదనమూ తేమా. పొద్దుటి ఎండ రెండు మూడు గంటలు తగిలితే హోస్టా ఏపుగా పెరుగుతుంది. కటిక నీడలో చావదు కానీ పిలకలు వేయదు. నీడను కోరుకునే మొక్క అనడం కన్నా నీడను ఓర్చుకునే మొక్క అనడమే సబబని నా అభిప్రాయం.

మేపుల్ చెట్టు కింద ఉండేది ఎండిన నీడ. మేపుల్ వేళ్లు నేల పైపొరల్లోనే చాపలా అల్లుకుని, పడిన నీటిని పడినట్లే తాగేస్తాయి. దానికి తోడు గుబురైన కొమ్మలు చిన్న చిన్న జల్లులను నేలకు చేరనివ్వవు. పెద్ద హోస్టాకు వేరు బలం ఉంటుంది కాబట్టి కొంతకాలం పోరాడగలదు. పొట్టి రకం వేళ్లు కూడా కొద్దివే, అవి సరిగ్గా మేపుల్ వేళ్లున్న లోతులోనే ఉంటాయి. పొట్టి హోస్టాను పెద్ద హోస్టాకు చిన్న నమూనాగా చూడకూడదు. పెద్దది తట్టుకునే కరువునూ, పొరుగు మొక్కల ఒత్తిడినీ, మందమైన ఆకు కప్పునూ అది తట్టుకోలేదు. మీ మొక్కలు నిరుటికంటే తగ్గిపోవడానికి కారణం ఇదే.

మూడో మొక్క విషయంలో మరో అనుమానం ఉంది. జూన్‌లో నాటిన మొక్క వేళ్లు చలికాలానికి ఇంకా నేలను పట్టుకుని ఉండవు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నేల రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతూ ఉంటే, ఆ ఉబ్బు చిన్న మొక్కలను దుబ్బుతో సహా పైకి నెట్టేస్తుంది. వేళ్లు గాలికి ఎండి మొక్క చనిపోతుంది. అయినా ఆ చోటును అప్పుడే తవ్వకండి. హోస్టాలు తీరికగా నిద్రలేచే మొక్కలు, మీ ప్రాంతంలో మే నెల సగం గడిచేదాకా ఎదురు చూడవచ్చు.

ఇక చేయవలసిన పని. ఉన్న రెండు మొక్కలను మట్టిగడ్డతో సహా తీసి, చెట్టు మొదటికి ఆరడుగులకు తక్కువ కాకుండా, మడి బయటి అంచున, పొద్దుటి వెలుతురు పడే చోటుకు మార్చండి. వేళ్ల మధ్య ఖాళీ చూసుకుని అడుగు వెడల్పు, ఎనిమిది అంగుళాల లోతు గుంత తీయండి. వేలి లావు కన్నా పెద్ద వేరు అడ్డం వస్తే దాన్ని నరకకుండా గుంతను పక్కకు జరపండి. తవ్విన మట్టిలో మూడో వంతు బాగా చివికిన ఆకు ఎరువు కలపండి. మొలకలు బయలుదేరే దుబ్బు మొదలు నేల మట్టానికి సమంగా ఉండాలి. లోతుగా పాతితే మొక్క కుళ్లుతుంది, పైకి ఉంటే చలికి లేచిపోతుంది. మొక్కకూ మొక్కకూ మధ్య అడుగు దూరం వదలండి. మొదట్లో ఖాళీగా కనిపించినా నాలుగైదేళ్లలో ఆకులు ఒకదానికొకటి తగులుతాయి.

వారానికి అంగుళం నీరు అందాలన్నది సాధారణ లెక్క. చెట్టు కింద మాత్రం వాన కురిసిందని నమ్మి ఊరుకోకండి. వేలు రెండు కణుపుల లోతు దించి చూసి, పొడిగా తగిలితే పోయండి. పైన పరిచే ఆకు తురుము అంగుళం మందం చాలు. దుబ్బు మొదటికి అది ఆనకూడదు. వేడి, ఉక్క కలిసిన జూలై రోజుల్లో మొదలు దగ్గర తడి ఆకు పేరుకుంటే స్క్లెరోషియం రాల్ఫ్‌సై అనే బూజు చేరి, ఆకులు కాడల దగ్గర మెత్తబడి వాలిపోతాయి. మన రాయలసీమ వేరుశనగ రైతును కాండం కుళ్లుతో ఏడిపించేది కూడా ఈ బూజే. ఆవగింజల్లాంటి దాని గోధుమరంగు గింజలను మట్టిలో ఒకసారి చూసినవారు మళ్లీ మరచిపోరు.

అంచున కూడా వేళ్లు వదలకపోతే, వెడల్పాటి కుండీల్లో నాటి మడిలో అమర్చడం ఉత్తమం. కుండీల కింద ఇటుకలు పెట్టండి, లేకపోతే రెండేళ్లలో మేపుల్ వేళ్లు అడుగు రంధ్రాల గుండా లోపలికి వచ్చేస్తాయి. చెట్టు వేళ్ల మీద కొత్త మట్టి పోసి మడిని ఎత్తు చేయాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోకండి, అది కాలక్రమంలో చెట్టుకే చేటు. పొరుగున జపనీస్ పెయింటెడ్ ఫెర్న్, ఎపిమీడియం వంటి నీడ మొక్కలు ఒద్దికగా ఉంటాయి. ఐవీ, వింకా లాంటి పాకే తీగలు పొట్టి హోస్టాను ఒక్క వేసవిలో మింగేస్తాయి.

ప్రశ్న: మే నెలలో ముచ్చటైన నీలం రంగులో ఉన్న ఆకులు ఆగస్టుకల్లా మామూలు పచ్చరంగుకు తిరిగాయి. ఎరువు తక్కువైందా?
– ఒక పాఠకుడు, కొలంబస్, ఒహాయో

జవాబు: ఎరువుతో దీనికి సంబంధం లేదు. హోస్టా ఆకులో నీలం రంగు అంటూ లేదు. పచ్చని ఆకు మీద ఉండే పల్చటి మైనపు పొర వెలుతురును వెదజల్లడం వల్ల మన కంటికి నీలంగా కనిపిస్తుంది. నల్ల ద్రాక్ష మీద చేయి తగిలితే చెరిగిపోయే బూడిద లాంటి పూత ఉంటుంది కదా, అలాంటిదే ఇదీ. ఎండ వేడికి, వాన దెబ్బకు ఆ పొర కరిగిపోతుంది, తుడిచినా పోతుంది. వసంతంలో వచ్చిన ఆకు దాన్ని మళ్లీ తయారు చేసుకోదు కాబట్టి ఆ ఏటికి అంతే. మధ్యాహ్నపు ఎండ తగలని చోట ఉంచి, నీళ్లు ఆకుల మీద చిమ్మకుండా మొదట్లో పోస్తే జూలై చివరిదాకా రంగు నిలుస్తుంది. ఆకులను మెరిపించే ద్రవాలేవీ వాడకండి. రంగు కోసం ఎరువు దట్టించడం అసలే వద్దు. వసంతంలో మొలకలు విచ్చుకునేటప్పుడు ఒకసారి సమతుల ఎరువు కొద్దిగా వేస్తే పొట్టి రకానికి ఏడాదంతా సరిపోతుంది. జూలై సగం దాటాక వేసే ఎరువు చలికి తాళలేని లేత ఆకును పుట్టిస్తుంది.

ప్రశ్న: రాత్రికి రాత్రి ఆకులకు చిల్లులు పడుతున్నాయి. పురుగు ఎక్కడా కనబడదు. ఒక మొక్కకైతే ఆకులే లేవు, కాడలు మాత్రమే మిగిలాయి. మా ఇంట్లో చిన్న కుక్కపిల్ల ఉంది కనుక విషపు మందులు చల్లడానికి భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, ఫిలడెల్ఫియా శివారు

జవాబు: మీరు చెప్పినవి రెండు వేర్వేరు దొంగతనాలు. చిల్లులు పెంకు లేని నత్తలవి, ఇక్కడ స్లగ్ అంటారు. చీకటి పడిన రెండు గంటల తరువాత టార్చి వేసి ఆకుల అడుగు భాగం చూడండి, దొరికిపోతాయి. పగలైతే అవి నడిచిన చోట ఎండిన జిగురు వెండి చారలా మెరుస్తుంది. సాయంత్రం నీళ్లు పోసే అలవాటు ఉంటే పొద్దుటికి మార్చండి, రాత్రి నేల పొడిగా ఉంటే వాటి తిరుగుడు సగం తగ్గుతుంది. మంచు పడి ఆకులు వాలిపోగానే వాటిని ఏరి పారేయడం మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ తడి చెత్త కిందే అవి గుడ్లు పెడతాయి. మందు తప్పదనుకుంటే ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు, పెట్టె మీద రాసిన మోతాదు మించకుండా చల్లండి. మెటాల్డిహైడ్ ఉన్న గుళికలను కుక్కలు తింటే ప్రాణం మీదకు వస్తుంది, వాటిని ఇంటికే తేకండి. హోస్టా ఆకులో సాపోనిన్లు అనే విష పదార్థాలు ఉంటాయి కాబట్టి దాన్ని నమిలినా కుక్కలకు, పిల్లులకు వాంతులు అవుతాయి; కుక్కపిల్ల పెద్దదయ్యేవరకు మడి చుట్టూ చిన్న కంచె కట్టడం మంచిది.

ఆకంతా పోయి కాడలు మిగిలాయంటే అది జింక పని. జింకకు హోస్టా మనకు చుక్కకూర వంటిది. చేదు వాసనల మందులు ప్రతి వాన తరువాతా మళ్లీ కొట్టవలసి ఉంటుంది, ఒక్క వారం మరిచినా ఫలితం ఉండదు. నా అనుభవంలో నమ్మదగినది కంచె ఒక్కటే. పొట్టి రకాలకు ఉన్న మేలు ఏమిటంటే, వాటిని కుండీలో పెట్టి గుమ్మం దగ్గరి మెట్ల మీదకు తెచ్చుకోవచ్చు.

ప్రశ్న: స్నేహితురాలు తన తోటలోని దుబ్బును చీల్చి నాకు ఒక పిలక ఇచ్చారు. ఆకుల ఈనెల వెంబడి సిరా పాకినట్లు ముదురు చారలు ఉన్నాయి. అది కొత్త రకమా?
– ఒక పాఠకురాలు, మిషిగన్

జవాబు: కాదండీ, చెప్పడానికి బాధగా ఉన్నా అది హోస్టా వైరస్ ఎక్స్ లక్షణం లాగే ఉంది. 1996లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఈ వైరస్‌ను గుర్తించారు. అంతకుముందు దాని చారలను అందమనుకుని, కొత్త రకాలుగా భావించి, పేర్లు పెట్టి అమ్మిన సందర్భాలు కూడా ఉన్నాయి. దీనికి మందు లేదు. మొక్కను వేళ్లతో సహా తీసి చెత్తలో వేయండి, కంపోస్టులో వేయకండి. ఇది మొక్క రసం ద్వారా పాకుతుంది కాబట్టి, చీల్చిన కత్తి, పూకాడలు కోసిన కత్తెర, ఆ తడి అంటిన చేతులు అన్నీ దాన్ని మోసుకుపోగలవు. ఒక మొక్క పని అయ్యాక, ఒక వంతు బ్లీచు, తొమ్మిది వంతుల నీళ్లు కలిపిన ద్రావణంలో కత్తిని ముంచిన తరువాతే మరో మొక్కను ముట్టుకోండి. ఒకరి పెరటి పిలకను ఇంకొకరికి ఇచ్చుకోవడం మనవాళ్లకు కరివేపాకు నాటి నుంచీ ఉన్న చక్కని అలవాటు. దాన్ని మానమని నేను చెప్పను, కత్తి కడిగి ఇవ్వమని మాత్రమే వేడుకుంటాను. మీ స్నేహితురాలికి కూడా ఈ సంగతి తప్పక చెప్పండి, నొచ్చుకుంటారని దాచకండి.

ప్రశ్న: మాది షికాగోలో అపార్టుమెంటు. బాల్కనీ కుండీలోని పొట్టి హోస్టాను చలికాలంలో ఇంటి లోపల పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: పెట్టకూడదు. వెచ్చని గదిలో దానికి చలి నిద్ర ఉండదు, రెండో ఏటికి నీరసించి పోతుంది. ఆకులు వాలిపోయాక కుండీని వేడి లేని గ్యారేజీలోనో, బాల్కనీలో గోడ వారగానో ఉంచి, వాన, మంచు నేరుగా పడకుండా పైన కప్పండి. కుండీల హోస్టాను చంపేది చలి కన్నా ఎక్కువగా నీరు నిలిచి గడ్డకట్టడమే.

ప్రశ్న: అమ్మాయి దగ్గరికి అట్లాంటా వెళ్లినప్పుడు హోస్టాలు చూసి మనసు పారేసుకున్నాను. ఈసారి వచ్చేటప్పుడు చిన్న దుబ్బు ఒకటి పెట్టెలో పెట్టుకుని తెస్తే హైదరాబాదులో మా సన్‌షేడ్ కింద పెరుగుతుందా? లంబసింగిలో మా బంధువుల తోట ఉంది, అక్కడైనా బతుకుతుందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: తేకండమ్మా. మొదటి కారణం చట్టం. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విదేశాల నుంచి మొక్కలు తేవాలంటే ముందుగా దిగుమతి అనుమతి, ఆ దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. పైన చెప్పిన వైరస్ వంటివి కంటికి కనిపించకుండా ప్రయాణం చేస్తాయి కాబట్టే ఆ నియమం. రెండవది వాతావరణం. హోస్టాకు ఏటా కొన్ని వారాలపాటు రాత్రింబగళ్లు గట్టి చలి తగిలి, ఆకులన్నీ పోయి నిద్రపోతేనే మరుసటి ఏడు మొలకలు బలంగా వస్తాయి. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున మంచు కమ్మినా పది గంటలకల్లా ఎండ వెచ్చబడుతుంది. ఆ చలి మనకు వణుకు పుట్టిస్తుంది కానీ హోస్టాను నిద్రపుచ్చదు. ఇక హైదరాబాదు మే నెల గురించి చెప్పనవసరం లేదు.

అయితే ఒక సంగతి మీకు సంతోషం కలిగిస్తుంది. ఫ్లోరిడా వంటి వేడి ప్రాంతాల్లో హోస్టా నిలవక విసిగిపోయిన అక్కడి తోటమాలులు దాని చోటులో నాటుకునేది కెంఫేరియాలను, అంటే అల్లం, పసుపు కుటుంబానికి చెందిన మన వైపు మొక్కలను. ఆయుర్వేదంలో చంద్రమూలికగా చెప్పే కెంఫేరియా గలాంగా ఆకులు గుండ్రంగా నేలకు అంటుకుని పరుచుకుంటాయి. ఊదా మచ్చలున్న తెల్లని పూలు పొద్దున విచ్చి ఆ రోజుకే వాడిపోతాయి. భూచంపకం అనే కెంఫేరియా రొటుండా కొంచెం ఎత్తు పెరుగుతుంది. దాని ఆకు మీద వెండి గీతలు, అడుగున ఊదా రంగు ఉంటాయి, పూలు ఆకుల కన్నా ముందే నేలలోంచి పుట్టుకొస్తాయి. రెండూ నీడలో పెరుగుతాయి, చలికాలంలో ఆకు రాల్చి దుంపలో నిద్రపోతాయి. ఔషధ మొక్కలు అమ్మే నర్సరీలో అడిగి చూడండి. దుంపను వేసవి చివర అంగుళం లోతున, నీరు నిలవని మట్టిలో పాతి, తొలకరి పడేదాకా తడి పొడిగా ఉంచండి. డిసెంబరులో ఆకులు పసుపుబారగానే నీళ్లు ఆపేయండి.