తెల్ల ప్లేటు కారును కిరాయికి తీసుకొని తిరుపతి వెళ్లవచ్చా?

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో ఉంటాము. వచ్చే నెల అమ్మానాన్నలతో కలిపి ఆరుగురం తిరుపతి, కాణిపాకం, శ్రీకాళహస్తి నాలుగు రోజుల్లో చూసి రావాలనుకుంటున్నాము. సెల్ఫ్ డ్రైవ్ కంపెనీ ఏడు సీట్ల కారుకు రోజుకు 3,600 రూపాయలు, పైగా 10,000 డిపాజిట్ అడుగుతోంది. మా కాలనీలో ఒకాయన తన సొంత కారును రోజుకు 2,200కే ఇస్తానంటున్నారు. అది తెల్ల నంబరు ప్లేటు బండి. డిపాజిట్ బదులు సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇమ్మంటున్నారు. దారిలో ఎవరైనా అడిగితే చుట్టాల కారని చెప్పమంటున్నారు. ఇందులో ఇబ్బంది ఏమైనా ఉందా? మరో సంగతి: గత దసరాకు వేరే కంపెనీ కారులో అరకు వెళ్లి వస్తే, బంపరుపై గీత పడిందని డిపాజిట్‌లోంచి 7,500 కోసుకున్నారు. బిల్లు అడిగితే ఇవ్వలేదు. ఆ డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: మీ లెక్క ప్రకారం నాలుగు రోజులకు మిగిలేది 5,600 రూపాయలు. జీతం మీద బతికే ఇంటికి అది చిన్న మొత్తమేమీ కాదు. అయితే అది ఎక్కడ మిగులుతోందో ముందు చూడాలి. కంపెనీ తీసుకునే అద్దెలో పర్మిటు ఫీజు, వాణిజ్య వాహనానికి కట్టే బీమా ప్రీమియం, ఫిట్‌నెస్ ఖర్చు, పన్నులు కలిసి ఉంటాయి. మీ కాలనీ ఆయన వీటిని కట్టడం లేదు కాబట్టే తక్కువకు ఇవ్వగలుగుతున్నారు. ఆయన కట్టని వాటి పూచీ, కారు మీ చేతిలో ఉన్న నాలుగు రోజులూ మీ మీదే ఉంటుంది.

మన దేశంలో సొంత వాడకపు కారుకు తెల్ల ప్లేటుపై నల్ల అక్షరాలు, డ్రైవరుతో తిరిగే ట్యాక్సీకి పసుపు ప్లేటుపై నల్ల అక్షరాలు, మనమే నడుపుకునేందుకు అద్దెకిచ్చే కారుకు నల్ల ప్లేటుపై పసుపు అక్షరాలు ఉండాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 75 కింద 1989లో వచ్చిన రెంట్ ఎ క్యాబ్ పథకం, ఈ వ్యాపారానికి లైసెన్సు కావాలంటే కనీసం 50 క్యాబులు ఉండాలని షరతు పెట్టింది. ఒకటి రెండు కార్లున్నవారు ఆ షరతును అందుకోలేక తెల్ల ప్లేటుతోనే అద్దెకు తిప్పడం అలా అలవాటైపోయింది. వారి ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ పర్మిటు లేకుండా బండిని కిరాయికి తిప్పితే సెక్షన్ 192-ఎ కింద మొదటి నేరానికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉన్నాయి. ఆ సెక్షన్ యజమానితో ఆగదు, బండి నడిపిన వ్యక్తిని కూడా చేరుస్తుంది. సెక్షన్ 207 కింద అధికారులు బండిని అక్కడికక్కడే నిలిపివేయవచ్చు. పెద్దవాళ్లతో, సామానుతో నడిరోడ్డు మీద దిగి వేరే బండి వెతుక్కోవలసి వస్తే మీరు మిగిల్చుకున్నది ఆ రోజుతోనే పోతుంది.

అంతకంటే పెద్ద చిక్కు బీమాది. ఆ కారు పాలసీ కాగితం అడిగి తీసుకోండి. అందులో వాడకంపై పరిమితులు చెప్పే పేరా ఒకటి ఉంటుంది. ప్రైవేటు కారు పాలసీలన్నింటిలోనూ, కిరాయికి లేదా ప్రతిఫలానికి వాడితే ఈ పాలసీ వర్తించదని అక్కడ స్పష్టంగా రాసి ఉంటుంది. కారుకు దెబ్బ తగిలితే కంపెనీ మొదట పట్టుకునేది ఆ వాక్యాన్నే. 2010లో అమలేందు సాహు కేసులో సుప్రీంకోర్టు, కిరాయికి ఇచ్చారన్న ఒక్క కారణంతో క్లెయిమును మొత్తంగా తోసిపుచ్చడం సరికాదని చెప్పి కొంత మొత్తం ఇప్పించిన మాట నిజమే. కానీ అది యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లి తెచ్చుకున్న ఊరట. అదీ పూర్తి మొత్తం కాదు. మిగిలిన నష్టానికి ఆయన మీ ఇంటికే వస్తారు.

ఇక కారు తగిలి దారిన పోయేవారు గాయపడితే, చట్టంలోని ఇప్పటి సెక్షన్ 150 కింద, పర్మిటు లేని బండిని కిరాయికి వాడారన్న వాదన లేవనెత్తే హక్కు బీమా కంపెనీకి ఉంది. ఇలాంటి కేసుల్లో ట్రిబ్యునళ్లు చాలావరకు బాధితులకు కంపెనీ చేత ముందు పరిహారం కట్టించి, తర్వాత ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకొమ్మంటాయి. యజమానితో పాటు, నిర్లక్ష్యంగా నడిపారన్న ఆరోపణ మీద స్టీరింగు దగ్గరున్న మీరూ ప్రతివాదులే అవుతారు. ఆ మొత్తాలు లక్షల్లో ఉంటాయి.

చాలామంది అసలు ఆలోచించని విషయం మరొకటి ఉంది. ఇతరుల బండిని తీసుకొని నడిపే వ్యక్తి ఆ సమయానికి యజమాని స్థానంలోకి వస్తాడని సుప్రీంకోర్టు 2009లో నింగమ్మ కేసులో చెప్పింది, 2020లో రాంఖిలాడి కేసులో దాన్ని మళ్లీ నిలబెట్టింది. అంటే నడిపేవారికే ప్రమాదం జరిగితే, వారు గానీ వారి కుటుంబం గానీ మూడో వ్యక్తిగా (థర్డ్ పార్టీగా) నిలబడి ఆ కారు బీమా కంపెనీని పరిహారం అడగడం చాలా కష్టం. కంపెనీ కారు తీసుకున్నా ఈ చిక్కు పూర్తిగా పోదు. అందుకే కారు ఎవరిదైనా, నడిపేవారి పేరిట విడిగా వ్యక్తిగత ప్రమాద బీమా ఉండాలని పట్టుబట్టి చెబుతున్నాను. బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 20 రూపాయలకే రెండు లక్షల రక్షణ ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన 18 నుంచి 70 ఏళ్ల వారికి అందుబాటులో ఉంది. ఇల్లు నడిపే మనిషికి రెండు లక్షలు చాలవు కనుక దానితో పాటు కాస్త పెద్ద పాలసీ ఒకటి చేయించుకోండి.

చుట్టాల కారని చెప్పే ఆలోచన మానుకోండి. నిజంగా చుట్టం ఇచ్చిన కారులో డబ్బు తీసుకోకుండా వెళ్లడం తప్పు కాదు. తేడా డబ్బు దగ్గరే వస్తుంది. నా దగ్గరకు వచ్చిన ఒక కేసులో కుటుంబమంతా ఒకే మాట మీద నిలబడింది. బీమా కంపెనీ పంపిన విచారణ అధికారి యజమాని ఫోన్‌పే చిట్టా అడిగారు. ప్రమాదానికి రెండు రోజుల ముందు వచ్చిన 4,000 రూపాయల పక్కన ‘కారు కిరాయి అడ్వాన్సు’ అని వారే రాసుకున్నారు. ఆ మూడు మాటలతో ఆ క్లెయిము నిలబడలేదు, పైగా వారు చెప్పిన మిగతా నిజాలను కూడా ఎవరూ నమ్మలేదు.

ఖాళీ చెక్కు ఏ పరిస్థితిలోనూ ఇవ్వకండి. మీరు సంతకం చేసి ఇష్టపూర్వకంగా ఇచ్చిన చెక్కులో అంకె వేరొకరు నింపినా, అది బాకీ తీర్చడానికి ఇచ్చిందేనని చట్టం మొదట భావిస్తుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాదని నిరూపించుకునే బరువు మీదే. పాస్‌పోర్టు తాకట్టు పెట్టమన్నా ఒప్పుకోవద్దు. అది మీ చేతిలో ఉన్నా ప్రభుత్వ ఆస్తి.

మరి డబ్బు ఆదా అయ్యేది ఎలా? కిలోమీటర్ల దగ్గర. హైదరాబాద్ నుంచి తిరుపతి రానూపోనూ సుమారు 1,120, కాణిపాకం, శ్రీకాళహస్తి, కొండ పైకి రాకపోకలు కలిపితే మరో 260 వరకు, అంటే మొత్తం 1,380 కిలోమీటర్ల దాకా అవుతుంది. రోజుకు 250 పరిమితి ఉన్న ప్యాకేజీలో నాలుగు రోజులకు 1,000 మాత్రమే వస్తాయి. మిగిలిన 380కి కిలోమీటరుకు 12 చొప్పున వేసినా 4,560 అదనం. పరిమితి లేని ప్యాకేజీ రోజుకు 700 ఎక్కువైనా మీకు అదే చౌక. దీనికంటే చౌకైన దారి కూడా ఉంది: రాత్రి రైలులో తిరుపతి చేరి, కాణిపాకం, శ్రీకాళహస్తి తిరిగే ఒక్క రోజుకు అక్కడే పసుపు ప్లేటు బండి మాట్లాడుకోవడం. పెద్దవాళ్లున్న మీ ఇంటికి నేనైతే ఇదే సూచిస్తాను.

కంపెనీ కారే తీసుకుంటే, డ్యామేజీ ప్రొటెక్షన్ పేరుతో అమ్మే అదనపు రక్షణలో మీరు భరించాల్సిన గరిష్ఠ మొత్తం ఎంతో, టైర్లు, కారు అడుగు భాగం, తాళం పోవడం అందులో ఉన్నాయో లేదో చదివిన తర్వాతే డబ్బు కట్టండి. మీతో వచ్చేవారిలో మరొకరు కూడా కొంత దూరం నడిపేట్లయితే వారి పేరు, లైసెన్సు ముందే ఒప్పందంలో చేర్పించండి. కారు చేతికి వచ్చేటప్పుడు హడావిడి పడవద్దు. సాయంత్రం వేళ మసక వెలుతురులో ఇస్తే ఫోను టార్చి వేసి, బంపరు కింది అంచు, చక్రాల రిమ్ములు, అద్దాల వెనుక భాగం, డిక్కీలో స్టెప్నీ, మీటరు రీడింగు, పెట్రోలు ముల్లు ఆపకుండా ఒకే వీడియోలో తీయండి. వెంటనే అక్కడే నిలబడి దాన్ని కంపెనీ నంబరుకు పంపండి. తిరిగి ఇచ్చేటప్పుడు అలాగే మరో వీడియో తీయండి.

ఇలాంటి వీడియో ఉన్నా లేకపోయినా మీ అరకు డిపాజిట్ విషయంలో మీ పక్షం బలంగానే ఉంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73, 74 ప్రకారం కంపెనీ రాబట్టుకోగలిగేది జరిగిన నష్టానికి తగిన సహేతుకమైన మొత్తమే. ఒప్పందంలో ఎంత రాసుకున్నా డిపాజిట్ వారి సొత్తు అయిపోదు. బంపరు గీతకు 7,500 ఖర్చయిందని చెప్పేవారు బాగు చేయించిన బిల్లు, ముందూ వెనుకా తీసిన ఫోటోలు చూపాలి. నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా, మితిమీరిన డిపాజిట్ షరతులను వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(46) అన్యాయమైన ఒప్పందాల్లో చేర్చింది. అయితే ఒప్పందమే అన్యాయమని తేల్చమంటే రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. మీరు అంత దూరం పోనక్కరలేదు. సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న కారణాలతో జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ప్రతిఫలం ఐదు లక్షల లోపుంటే ఫీజు లేదు, కంపెనీ కార్యాలయం ఎక్కడున్నా మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, న్యాయవాది తప్పనిసరి కాదు.

ముందుగా బిల్లు, ఫోటోలు పంపమని, లేదంటే 15 రోజుల్లో డబ్బు వాపసు చేయమని కంపెనీకి ఈమెయిలు రాయండి. జవాబు రాకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. చాలా కంపెనీలు అక్కడే దిగివస్తాయి. కమిషన్‌కు వెళ్లడానికి గడువు రెండేళ్లు. మీ విషయంలో అది డిపాజిట్‌లో డబ్బు కోసుకున్న రోజు నుంచి మొదలవుతుంది కనుక, ఆ తేదీ ఉన్న మెసేజీని ఫోనులోంచి చెరిపేయకుండా ఒక ప్రింటు తీసి పెట్టుకోండి.