ఐఈఎల్‌టీఎస్‌లో 7 వచ్చినా ఎంఎస్ క్లాసులో మాట్లాడగలడా?

మీరు అడిగింది ఇది: తమ్ముడు పదో తరగతి దాకా తెలుగు మీడియం, బీటెక్ భీమవరంలో. విదేశీ చదువులకు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో 9కి 7 వచ్చింది. ఆగస్టులో అమెరికాలో ఎంఎస్‌లో చేరుతున్నాడు, కానీ క్లాసులో నోరు పెగలదేమోనని టెన్షన్ పడుతున్నాడు. ఈలోగా ఏం చేయించాలి, స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్‌లో చేర్చాలా అని.

మాది పెనుగొండ దగ్గర పల్లె. నేనూ తెలుగు మీడియమే. అమెరికాలో ఎంఎస్, పీహెచ్‌డీ చేశాను. అక్కడే టీఏగా (టీచింగ్ అసిస్టెంట్, అంటే జీతం తీసుకుని ప్రొఫెసర్‌కు బోధనలో సాయపడే స్టూడెంట్) బ్యాచిలర్స్ పిల్లలకు ల్యాబ్ క్లాసులు చెప్పాను. ఇప్పుడు ఇక్కడే ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పని చేస్తున్నాను. ఏటా విదేశాలకు వెళ్ళే పిల్లల్ని దగ్గరగా చూస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

7 మంచి స్కోరు. దాని గురించి దిగులు అక్కర్లేదు. అయితే ఆ పరీక్ష చూసేది వేరు. స్పీకింగ్ టెస్టు మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మధ్యలో ఒక కార్డు చేతికిచ్చి, ఒక నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల దాకా మాట్లాడమంటారు. ఎగ్జామినర్ చాలావరకు విని తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోతాడు. "నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు" అనడు. "దీనికి ఆధారం ఏమిటి?" అనడు. టోఫెల్ అనే ఇంకో ఇంగ్లిష్ పరీక్షలో అయితే ఎదురుగా మనిషే ఉండడు, మైకుకు చెప్పి రావాలి. ఎంఎస్‌లో రోజూ తగిలేది ఆ అడిగే మనిషే. ఒకసారి ప్రొఫెసర్, ఒకసారి ప్రాజెక్టు గ్రూపులో పక్కన కూర్చున్నవాడు. సగం మాటలో ఎవరైనా ఆపితే మళ్ళీ ఎక్కడ అందుకోవాలో తెలియకే మన పిల్లలు ఎక్కువగా బెదిరిపోతారు. కాబట్టి ఆగస్టులోపు మీ తమ్ముడికి కావలసింది అతని సబ్జెక్టు గురించి చెబుతుంటే మధ్యలో ఆపి అడిగే ఒక మనిషి. ఆ పని మీరే చేయవచ్చు.

ఎలాగో చెప్తాను. మా కాలేజీలో, భీమవరం దగ్గరి ఉండి అనే ఊరి వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు రొయ్యల చెరువులో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ మీద ప్రాజెక్టు చేశాడు. ఇంగ్లిష్‌లో చెప్పమంటే బట్టీ పట్టిన నాలుగు వాక్యాలు గబగబా అప్పజెప్పి ఆగిపోయాడు. అప్పుడు తెలుగులో అడిగాను: "తెల్లవారుజామున మీ నాన్నగారు చెరువు గట్టు మీదకు ఎందుకు వెళ్తారు?" అంతే, అందుకున్నాడు. పగలు ఎండలో నీళ్ళలోని నాచు ఆక్సిజన్ వదులుతుందండి, రాత్రి అదే నాచు, రొయ్యలు అన్నీ కలిసి వాడేసుకుంటాయి, అందుకే తెల్లారేముందు డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) బాగా పడిపోతుంది, లీటరుకు 3 మిల్లీగ్రాముల దాకా దిగితే రొయ్య తట్టుకోలేదు, పైకి తేలుతుంది, ఆ వేళప్పుడు కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయి, జనరేటర్ వేసుకోవాలి అని వరసగా చెప్పాడు. కారణం, కొలత, ప్రమాదం, దానికి చేసే పని అన్నీ అందులో ఉన్నాయి. సెన్సర్ ఎందుకు కావాలో వేరే చెప్పే పనే లేదు. అదే వరసలో ఇంగ్లిష్‌లో చెప్పమన్నాను. మాటలకు తడుముకున్నాడు గానీ వరస చెదరలేదు. మధ్యలో "ఏరేటర్ అంటే ఏమిటి?" అని ఆపాను. నీళ్ళను చిలికి గాలి కలిపే యంత్రమని చేతులు తిప్పి చూపిస్తూ చెప్పి, వదిలిన చోట మళ్ళీ పట్టుకున్నాడు.

మీ తమ్ముడితో ఇదే చేయించండి. ముందు తెలుగులో, తర్వాత అదే విషయం ఇంగ్లిష్‌లో. మూడు నిమిషాలు చాలు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ 2008లో మొదలుపెట్టిన "త్రీ మినిట్ థీసిస్" పోటీ ఇలాంటిదే. ఒక్క స్లయిడు, మూడు నిమిషాలు, తమ పరిశోధన బయటివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలి. ఆ వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి, కొన్ని చూపించండి. మీకు అతని సబ్జెక్టు తెలియకపోవడమే మంచిది. తెలియని చోటల్లా నిజంగానే అడుగుతారు. ఫోన్‌లో రికార్డు చేసి వినమనండి. గ్రామర్ తప్పుల జోలికి ముందు వెళ్ళవద్దు. మీరు ఆపిన ప్రతి చోటా ఏ మాట లేకపోవడం వల్ల అర్థం కాలేదో అదొక్కటి చూసుకుంటే చాలు.

ఉచ్చారణ గురించి ఒక్క మాట. యాస మార్చుకోనక్కర్లేదు. మనం తెలుగులోలా అన్ని అక్షరాలనూ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాం. ఇంగ్లిష్‌లో ప్రతి మాటకూ ఒక చోట నొక్కు ఉంటుంది, అది తప్పితే మాటే గుర్తుపట్టరు. "అనాలిసిస్"లో నొక్కు "నా" మీద, "అనలిటికల్"లో "లి" మీద. అతని సబ్జెక్టులో రోజూ వాడే పదాలు ఒక పుస్తకంలో రాసుకుని, ఆన్‌లైన్ డిక్షనరీలో విని, నొక్కు పడే చోట గీత గీసుకోమనండి.

వినడానికి ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్‌లో అతని బ్రాంచి పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ముందు క్యాప్షన్లు ఆపి నోట్సు రాసుకోవాలి, తర్వాత క్యాప్షన్లు పెట్టుకుని సరిచూసుకోవాలి. సినిమాల్లో వినే అమెరికన్ ఇంగ్లిష్ ఒక్కటే అలవాటు చేసుకుంటే సరిపోదు. అక్కడ చైనా, కొరియా, ఇరాన్ నుంచి వచ్చిన ప్రొఫెసర్లు చాలామంది ఉంటారు. నాకు మొదట్లో కొత్తగా అనిపించింది అదే.

క్లాసులో మాట్లాడటం సంగతి. మన దగ్గర సారు అడిగితేనే నోరు విప్పుతాం, సందేహం ఉంటే క్లాసు అయ్యాక టేబుల్ చుట్టూ మూగుతాం. అక్కడ చాలా కోర్సుల్లో చర్చలో పాల్గొన్నందుకు మార్కులు ఉంటాయి, కానీ చాలాచోట్ల పేరు పెట్టి పిలవరు. ముందు రోజు చదవమన్న పరిశోధన పేపర్‌లో ఒక చోటు పట్టుకుని, ఫలానా పేజీలో ఇలా అన్నారు, ఫలానా పట్టికలోని అంకెలు దానికి సరిపోవడం లేదు, ఎందుకు అని ఒక ప్రశ్న ఇంటి దగ్గరే రాసుకుని వెళ్ళాలి. క్లాసు మొదట్లోనే అడిగేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ చర్చ వేరే చోటికి పోతుంది, ధైర్యమూ తగ్గుతుంది. ఇది నాకు బాగా పనిచేసింది.

ఆఫీస్ అవర్స్ అని ప్రతి ప్రొఫెసరూ వారంలో కొన్ని గంటలు స్టూడెంట్ల కోసమే కేటాయిస్తారు, కోర్సు మొదట్లో ఇచ్చే సిలబస్ కాగితంలో రాసి ఉంటుంది. వెళ్తే తెలివితక్కువవాడనుకుంటారని మన పిల్లలు వెళ్ళరు. దయచేసి ఈ భయం ఇప్పుడే పోగొట్టండి. మొదటి రెండు వారాల్లోనే ఒకసారి వెళ్ళాలి. తను చేసిన లెక్క కాగితం పట్టుకెళ్ళి "ఇక్కడి దాకా వచ్చాను, ఇక్కడ ఆగిపోయాను" అని చూపించాలి. మెయిల్ రాసినా అంతే. సబ్జెక్ట్ లైనులో కోర్సు నంబరు, హోంవర్క్ నంబరు. మొదటి వాక్యంలోనే తనకేం కావాలో. ఆ తర్వాత తను ఏం ప్రయత్నించాడో రెండు ముక్కలు, కింద పూర్తి పేరు. మన అలవాటు ప్రకారం క్షేమసమాచారాలతో మొదలుపెట్టి అసలు సంగతి చివర్లో రాస్తే, రోజుకు కుప్పలుగా మెయిళ్ళు వచ్చే మనిషికి అది కంటికి ఆనదు.

రాత విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరిస్తున్నాను. ఇక్కడ సీనియర్ రికార్డు చూసి మన రికార్డు నింపేస్తాం, ఎవరూ పట్టించుకోరు. అక్కడ అదే పని ప్లేజరిజం, అంటే ఇతరుల రాతను మనదిగా చూపించడం. మార్కులు పోవచ్చు, కమిటీ ముందు నిలబడాల్సి రావచ్చు, సస్పెండ్ చేస్తే వీసాకే ఎసరు వస్తుంది. చెడ్డ ఉద్దేశం లేని పిల్లలు కూడా ఇందులో ఇరుక్కుంటారు, అదే నా బాధ. ఇప్పటి నుంచే ఒక అభ్యాసం పెట్టండి: ఒక పేపర్ అబ్‌స్ట్రాక్ట్ (మొదట్లో ఉండే సారాంశం) చదివి, మూసేసి, గుర్తున్నది సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాయాలి, ఎవరు ఏ ఏడాది చెప్పారో పక్కనే పెట్టాలి. తర్వాత తెరిచి పోల్చుకోవాలి. ఇతరుల రచనలను ఎలా ఉదహరించాలో పర్డ్యూ యూనివర్సిటీ ఆన్‌లైన్ రైటింగ్ ల్యాబ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. చాట్‌జీపీటీ గురించి ఒక్కో ప్రొఫెసర్‌ది ఒక్కో రూలు, సిలబస్ చూసుకోవాలి, అందులో లేకపోతే అడగాలి. చేరాక యూనివర్సిటీ రైటింగ్ సెంటర్‌కు వెళ్ళమనండి. వాళ్ళు మన వ్యాసం దిద్ది ఇవ్వరు. పక్కన కూర్చుని "ఈ వాక్యంలో నువ్వు చెప్పదలచుకున్నది ఏమిటి?" అని అడుగుతారు. నా రాత బాగుపడింది అక్కడే.

టీఏ మీద ఆశ ఉంటే, చాలా యూనివర్సిటీలు స్పీకింగ్ స్కోరు విడిగా చూస్తాయి, కొన్ని మళ్ళీ సొంతంగా పరీక్ష పెడతాయి. పొలం మీద అప్పు తెచ్చి వెళ్ళే ఇళ్ళలో ఆ జీతం చిన్న విషయం కాదు కాబట్టి డిపార్ట్‌మెంట్ వెబ్‌సైటులో ఆ నిబంధన ఇప్పుడే చూసుకోండి. అక్కడ తెలుగు రూమ్‌మేట్స్‌తో ఉండటంలో తప్పేమీ లేదు. ఇంటి తిండి, ఇంటి మాట మనిషిని నిలబెడతాయి. కనీసం ఒక్క ప్రాజెక్టు గ్రూపయినా వేరే దేశం వాళ్ళతో కలిసేలా చూసుకోవాలి, అంతే.

ఇక కోచింగ్. ఒక గదిలో నలభై మందిని కూర్చోబెట్టి తలా రెండు నిమిషాలు సెల్ఫ్ ఇంట్రడక్షన్ చెప్పించేదయితే డబ్బు కట్టవద్దు, ఇంటర్వ్యూకు తప్ప పనికిరాదు. వారానికి రెండుసార్లయినా అరగంట కూర్చుని అతని ప్రాజెక్టు విని ప్రశ్నలడిగే టీచరు దొరికితే కట్టండి. అలాంటివాళ్ళు దొరక్కపోతే అతని క్లాస్‌మేట్స్‌లో వెళ్తున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి సాయంత్రాలు ఒకరినొకరు ప్రశ్నలు అడిగితే సరిపోతుంది. ఏ బ్రాంచిలో చేరుతున్నాడో, బీటెక్ ప్రాజెక్టు ఏమిటో కింద రాయండి, ఏ కోర్సు పాఠాలతో మొదలుపెట్టాలో చెప్తాను.