పిట్టికి వెళ్ళే ముందు

అమ్మాయీ,

లక్షద్వీప్‌లో పక్షుల సర్వేకి నిన్ను తీసుకున్నారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఎక్కడికా అని అడిగితే పిట్టి అన్నాడు. కవరత్తి నుంచి పడవలో 24 కిలోమీటర్ల దాకా పోతే కనబడేది మూడెకరాల ఇసుకదిబ్బ. చెట్టు లేదు, మంచినీళ్ళు లేవు. టోపీ, నీళ్ళ సీసాల సంగతి మీ అమ్మ చూసుకుంటుందిలే. నేను లెక్క సంగతి చెబుతాను.

రోజూ చేటలో గుప్పెడు మినుములు చల్లి, ఒక్క చూపు చూసి ఎన్నున్నాయో కాగితం మీద రాయి. తర్వాత ఏరి లెక్కపెట్టు. మొదట్లో బాగా తక్కువ చెబుతావు. గుంపు పెద్దదైతే అందరి కన్నూ అంతే. పది గింజలు ఎంత జాగా పడతాయో కంటికి పట్టుబడితే, ఎగిరే గుంపునైనా పదులుగా కోసుకుంటూ పోవచ్చు. మీ పెద్దమ్మ నన్ను చూసి పప్పు ఏరుతున్నాననుకుని మురిసిపోయింది!

పడవ దిగగానే పక్షుల్లోకి నడవకు. ముందు పడవలోంచి ఒకసారి, ఒడ్డున కూర్చుని మరోసారి లెక్కించు. అక్కడుండే సూటీ టెర్న్ అనే సముద్రపు పక్షి గూడు కట్టదు. వట్టి ఇసుక మీద ఒక్కటే గుడ్డు పెడుతుంది. మచ్చల గుడ్డు, పగడపు ముక్కల్లో కలిసిపోతుంది. నేనొకసారి ఎత్తిన కాలు దించబోయి ఆగాను, సరిగ్గా మడమ కిందే ఉంది. మిట్టమధ్యాహ్నం తల్లి దాని మీద నిలబడేది నీడ కోసం. మనం లేపేస్తే గుడ్డు ఎండకి ఉడికిపోతుంది, లేదా పీత లాక్కుపోతుంది. అందుకే పొద్దున్నే వెళ్ళు, పని కాకపోయినా త్వరగా బయటికి వచ్చేయ్.

నా మొదటి సర్వేలో సంఖ్య రాశాను కానీ వేళ రాయలేదు. పగలు చాలా పక్షులు సముద్రం మీద వేటలో ఉంటాయి, పొద్దుగూకితే తిరిగొస్తాయి. వేళ లేని నా అంకె తర్వాత వెళ్ళినవాళ్ళకి ఎందుకూ పనికిరాలేదు. ఎన్ని గంటలకి, ఎక్కడ నిలబడి, ఎంతసేపు చూశావో రాయి. ఏదైనా జాతి కనబడకపోతే సున్నా అని రాయి, గడి ఖాళీగా వదలకు. కాంగ్రెస్ పెట్టిన హ్యూమ్ దొర 1875లో ఆ దీవుల పక్షుల్ని చూసొచ్చి రాసింది ఇప్పటికీ చదువుతున్నాం.

ఇసుకలో ట్రాక్టరు చక్రాల జాడలా కనబడితే తాబేలు ఎక్కినట్టు. రెండువైపులా గుర్తులు ఎదురెదురుగా ఉంటే పచ్చ తాబేలు. మన కాకినాడ తీరానికొచ్చే ఆలివ్ రిడ్లీకైతే ఒకటి ముందు, ఒకటి వెనక పడతాయి. రాసుకున్నాక జాడకి అడ్డంగా కాలితో ఒక గీత గియ్యి, మర్నాడు మళ్ళీ లెక్కలోకి రాకుండా.

పెన్ను వద్దు, పెన్సిళ్ళు పట్టుకెళ్ళు. కవరత్తి చేరిన రాత్రే, ఎంత నిద్రొచ్చినా, నోట్సు సాపు రాసుకుని పడుకో.

నీ పెదనాన్న